కృష్ణ పదార్థం ఒకటేనా?

పామేడు పేరు మీలో చాలామంది విని ఉండరు. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దక్షిణపు అంచున, బీజాపూర్ జిల్లాలో ఉందా ఊరు. తెలంగాణ వైపు నుంచైతే చర్ల దాటి అడవిలోంచి వెళ్లాలి. చాలా ఏళ్లపాటు అక్కడివాళ్లు తమ సొంత జిల్లా కేంద్రానికి వెళ్లాలన్నా తెలంగాణలోకి వచ్చి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చేది. అడవి దున్నల కోసం అక్కడ ఒక అభయారణ్యం ఉంది. భద్రతా దళాల శిబిరమూ ఉంది. మీలో ఎవరి నాన్నగారైనా అక్కడ పనిచేసి ఉంటే ఆ పేరు మీ ఇంట్లో వినపడే ఉంటుంది.

మా చిన్నాన్న చర్లలో కిరాణా కొట్టు నడుపుతారు. పామేడు సంతకు సరుకు తీసుకెళ్తుంటారు. ఒక వేసవి సెలవుల్లో నేను కూడా ఆయన వెంట వెళ్లాను. తునికాకు కోసే రోజులవి. సంత ముగిశాక బయలుదేరబోతే ట్రాలీ ఆటో మొరాయించింది. మెకానిక్ తెల్లారాక చర్ల నుంచి రావాలి. చిన్నాన్నకు తెలిసినవాళ్లు తమ వాకిట్లో మాకు నులకమంచాలు వేశారు. అమావాస్య దగ్గర పడింది. రాత్రి కరెంటు పోయింది.

పదకొండు దాటాక తూర్పు వైపు నుంచి పాలపుంత పైకి లేచింది. ఇన్ని ఊళ్లు తిరిగాను కానీ అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఆ ఇంటి మనవరాలికి పదేళ్లుంటాయి. నానమ్మతో దోర్ల మాటలో, మా చిన్నాన్నతో తెలుగులో, బడి సంగతులు అడిగితే హిందీలో మాట్లాడుతోంది. నా మంచం దగ్గరికి వచ్చి, "మేడమ్, ఆ తెలుపు మధ్యల నల్లగ ఉన్నదేంది?" అని అడిగింది.

"దుమ్మమ్మా. చుక్కల మధ్య పెద్ద పెద్ద దుమ్ము మేఘాలున్నాయి. వెనకనుంచి వచ్చే వెలుతురుకు అవి అడ్డు" అన్నాను. అది నిజమే. కానీ ఆ "నల్లగా" అన్న మాట వినగానే నాకు ఇంకో పిల్ల గుర్తొచ్చింది.

కొన్నేళ్ల కిందట, వేరే రాష్ట్రంలో, వేరే బడిలో హౌస్‌ల మధ్య క్విజ్ జరుగుతోంది. గడియారం చూడటం నా పని. "డార్క్ మేటర్ ఏ కణంతో తయారైంది?" అన్నది ప్రశ్న. నిర్వాహకుల చేతిలోని కాగితం మీద ఉన్న జవాబు "వింప్". ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "ఇంకా ఎవరికీ తెలీదు సర్. ఒకే రకం కణమో కాదో కూడా తెలీదు" అంది. హాలంతా నవ్వింది. మార్కు ఇవ్వలేదు. నాకు సైన్సు రాదు కదా అని నేను నోరు మెదపలేదు. నెల తిరక్కుండానే వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది. తర్వాత చదువుకుంటే తెలిసింది, ఆ రోజు హాల్లో సరైన జవాబు చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే అని.

అప్పుడు చెప్పాల్సిన మాటను ఇప్పుడు రాస్తున్నాను. తెలుగు టీచరుకు ఈ గొడవ ఎందుకని అడగవచ్చు. ఒక్క పేరు వెనక ఎన్ని వస్తువులు దాగి ఉన్నాయో వెతకడం భాష చెప్పేవాళ్ల పని కూడా.

మీ పుస్తకాల్లో డార్క్ మేటర్ అని ఉండేదాన్ని తెలుగులో కృష్ణ పదార్థం అంటాం. పేరులో నలుపు ఉన్నా అది నల్లనిది కాదు. దుమ్ము మేఘంలాగా వెలుతురుకు అడ్డురాదు. వెలుతురు దానిలోంచి అలాగే వెళ్లిపోతుంది. మరి అది ఉందని ఎలా తెలిసింది? దాని బరువు వల్ల. సూర్యుడి చుట్టూ బుధ గ్రహం సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. దూరం పెరిగితే ఆకర్షణ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. గెలాక్సీల్లో కూడా అలాగే ఉండాలి. కానీ 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రొమెడా గెలాక్సీని కొలిచి చూస్తే, అంచుల్లో ఉన్నవి కూడా లోపలివాటితో ఇంచుమించు సమానమైన వేగంతో తిరుగుతున్నాయి. కనపడే చుక్కల బరువు అందుకు చాలదు. అంతకు చాలా ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్వికీ కోమా అనే గెలాక్సీల గుంపును చూసి, కనపడని బరువేదో వాటిని పట్టి ఉంచుతోందని రాశాడు.

ఇప్పటి లెక్క ప్రకారం విశ్వంలో ఉన్నదాన్నంతా నూరు భాగాలు చేస్తే, మనకు తెలిసిన పదార్థం 5 భాగాలు. కృష్ణ పదార్థం సుమారు 27. మిగిలిన 68 కృష్ణ శక్తి, అది వేరే కథ. పదార్థం వరకే తీసుకుంటే, ప్రతి ఆరు వంతుల్లో ఐదు వంతులు కనపడనిదే. మనకు తెలిసిన ఆ ఒక్క వంతులోనే ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు, వాటితో హైడ్రోజన్ నుంచి యురేనియం దాకా ఇన్ని మూలకాలు, వాటితో ఇంత ప్రపంచం ఉన్నాయి. మరి ఆ ఐదు వంతులు మాత్రం ఒకే రకం కణం అని ముందే ఎందుకు అనుకోవాలి?

ఆ పదార్థం ఎలా పుట్టి ఉంటుందో ఆలోచిస్తే ఈ ప్రశ్నకు బలం వస్తుంది. అందుకు పామేడు సంత నాకు పనికొచ్చింది.

విశ్వం వయసు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. మొదటి సెకనులో అది విపరీతమైన వేడితో కిక్కిరిసిన సంతలా ఉండేది. ఆ వేడిలో శక్తి నుంచి కణాలు జంటలుగా, కణమూ దాని ప్రతికణమూ, పుట్టేవి. ఎదురుపడితే మళ్లీ కలిసి మాయమయ్యేవి. పుట్టేవాటికీ పోయేవాటికీ లెక్క సరిపోయేది. విశ్వం వ్యాకోచిస్తూ చల్లబడింది. బరువైన కణాల జంటను కొత్తగా పుట్టించేంత వేడి మిగల్లేదు. ఉన్నవి మాత్రం ఒకదాన్నొకటి కలిసి తరిగిపోతూ వచ్చాయి. చివరికి ఒకదానికొకటి ఎదురుపడలేనంత పలచబడ్డాయి. అప్పటికి మిగిలినవి అలాగే ఉండిపోయాయి. శాస్త్రవేత్తలు దీన్ని ఫ్రీజ్ ఔట్ అంటారు.

సాయంత్రం సంత చూడండి. బేరాలు ఆగిపోయేది సరుకు అయిపోయినందువల్ల మాత్రమే కాదు, ఎదుట కొనేవాళ్లు లేకపోవడం వల్ల కూడా. పొద్దుటి నుంచి వచ్చిన ప్రతివాళ్లతో బేరం కుదుర్చుకున్న మనిషి బుట్ట ఖాళీ అవుతుంది. బిడియపడి మాట్లాడని ముసలమ్మ బుట్ట నిండుగానే ఇంటికి పోతుంది. కణాలూ అంతే. ఒకదానితో ఒకటి బాగా కలిసే కణం ఎక్కువసేపు మాయమవుతూ ఉంటుంది, కాబట్టి తక్కువ మిగులుతుంది. కలవని కణం ఎక్కువ మిగులుతుంది. క్విజ్ కాగితం మీదున్న వింప్ ఇలా మిగిలి ఉంటుందని ఊహించిన ఒక బరువైన కణం.

సంతలో ఒక్క వ్యాపారే ఉండాలని ఎవరు చెప్పారు? రెండు రకాల కణాలుంటే, ఒక్కొక్కటి తన సమయానికి తాను బేరం ఆపుతుంది. మన కాలనీలో అందరికీ బదిలీ ఉత్తర్వులు ఒకే రోజున రానట్టే. ఒక రకం ముందే విడిపోతుంది, ఇంకొకటి కాస్త ఆగి. రెండూ తమ తమ మిగులుతో నిలుస్తాయి. బరువైన రకం జంటలు మాయమై తేలిక రకం జంటలుగా మారవచ్చు కూడా. అప్పుడు ఒకరి బుట్టలో తరిగింది ఇంకొకరి బుట్టలో చేరుతుంది. ఆ రెండింటి లెక్క కలిపి చూస్తేనే మనం ఇప్పుడు కొలిచే మొత్తం వస్తుంది.

సంతకు అసలు రానివాళ్ల సంగతి ఇంకొకటి. వేటితోనూ దాదాపు కలవని కణాలు ఆ గుంపులో ఎప్పుడూ లేకపోవచ్చు. సంతలో జరిగే తాకిడుల నుంచి అరుదుగా ఒకటీ అరా పుట్టి, తిరిగి కలవకుండా పక్కకు పోయి, కొంచెం కొంచెంగా పోగై ఉండవచ్చు. దీనికి ఫ్రీజ్ ఇన్ అని పేరు. ఆక్సియాన్ అనే కణం గురించి చెప్పే దారి మరీ వేరు. దానికి వేడితో సంబంధమే లేకపోవచ్చు. పక్కకు లాగి పట్టుకున్న ఉయ్యాలను ఊహించుకోండి. తొలి విశ్వం అతి వేగంగా వ్యాకోచిస్తున్నంతకాలం ఆ వేగమే ఉయ్యాలను కదలనివ్వదు. వేగం తగ్గాక పట్టు వదిలినట్టై అది ఊగడం మొదలెడుతుంది. ఆ ఊపులోని శక్తే కృష్ణ పదార్థంలా ప్రవర్తిస్తుంది. ఇవి కాక, చుక్కలు పుట్టకముందే, చిక్కగా ఉన్నచోట్ల ముద్దకట్టిన చిన్న కృష్ణ బిలాలు కూడా కొంత వంతు కావచ్చని ఆలోచించేవాళ్లున్నారు.

వీటిలో ఏది జరిగిందో ఇంకా తేలలేదు. నేను చెప్పదలచింది ఒక్కటే: ఒక దారి తెరుచుకుంటే మిగతావి మూసుకుపోవాలన్న నియమమేదీ లేదు. ఒకే విశ్వంలో, ఒకే మొదటి సెకనులో, రెండు మూడు దారులూ నడిచి ఉండవచ్చు.

ఇది వట్టి ఊహే అనుకోకండి. రుజువైన ఉదాహరణ ఒకటి ఇప్పటికే మన చేతిలో ఉంది. అది న్యూట్రినో. విశ్వం పుట్టిన దాదాపు ఒక సెకనుకే న్యూట్రినోలు మిగతా గుంపు నుంచి విడిపోయాయి. లెక్క ప్రకారం అప్పటివి ఇప్పటికీ ప్రతి ఘన సెంటీమీటరులో, అంటే ఒక పంచదార బిళ్లంత చోటులో, సగటున 300కు పైగా ఉంటాయి. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు కూడా మీలోంచి పోతున్నాయి. వాటికి బరువుందని 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే ప్రయోగం చూపించింది. న్యూట్రినోల మీది ఆ పనికి తకాకి కజితా, ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. బరువుంది, వెలుతురుతో కలవదు. అంటే న్యూట్రినో కూడా కృష్ణ పదార్థంలో ఒక వంతే. కాకపోతే మరీ తేలిక, మరీ వేగం. గెలాక్సీలను కూడగట్టే శక్తి దానికి లేదు. మొత్తంలో దాని వాటా నూటికి ఒకటికి మించదని అంచనా. మిగతా తొంభై తొమ్మిది వంతులు ఏమిటో తెలియదు. అయినా, కృష్ణ పదార్థమంతా ఒకే రకం అన్న మాట ఆ ఒక్క వంతుతోనే తప్పిపోయింది.

ఆ న్యూట్రినో కథలో మన దక్షిణాదికీ చోటుంది. కె.జి.ఎఫ్. అనగానే మీకు సినిమా గుర్తొస్తుంది. కర్ణాటకలో, మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న కోలార్ బంగారు గనులవి. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే కూలీలు తవ్విన లోతుల్లో, నేలకు సుమారు 2.3 కిలోమీటర్ల అడుగున శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టారు. పైన ఉన్న రాయి మిగతా కణాలను ఆపేస్తుంది, న్యూట్రినోలు మాత్రం దాటి వస్తాయి. గాలి పొరల్లో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో అక్కడ పట్టుకున్నారు. ప్రపంచంలో అలా పట్టుకున్న తొలి ప్రయోగాల్లో అదొకటి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌తో పాటు జపాన్, ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలవాళ్లు అందులో కలిసి పనిచేశారు. ఆ పత్రం మీద మేనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి పేర్లున్నాయి. గని 2001లో మూతపడింది. కృష్ణ పదార్థం కోసం ఇప్పుడు మన దేశంలో ఝార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో వెతుకుతున్నారు. 555 మీటర్ల లోతున 2017లో అక్కడ ప్రయోగశాల తెరిచారు. అమెరికాలోనూ ఒక పాత బంగారు గనిలో, దాదాపు కిలోమీటరున్నర లోతున, టన్నులకొద్దీ ద్రవ జెనాన్ నింపి ఎదురుచూస్తున్నారు. వింప్ జాడ ఇంకా ఎక్కడా రూఢిగా దొరకలేదు.

ఇక్కడే "ఒకటా, ఎన్నా" అన్న ప్రశ్న పరీక్ష హాలు దాటి ప్రయోగశాలలోకి వస్తుంది. గనిలో పరికరానికి ఇన్నాళ్లు ఏమీ తగల్లేదంటే, ఫలానా రకం కణం ఉండే అవకాశం లేదని తీర్మానిస్తారు. ఆ లెక్కలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. మన చుట్టూ ఉన్న కృష్ణ పదార్థమంతా ఆ ఒక్క కణమే అన్నది ఆ షరతు. ఒకవేళ అది మొత్తంలో పదో వంతే అయితే? పది సార్లు తగలాల్సిన చోట ఒక్కసారే తగులుతుంది. ఉన్నదాన్నే లేదని కొట్టేసే ప్రమాదముంది. వెతకడం మానేస్తే ఇంకెప్పటికీ దొరకదు. కాబట్టి ఎన్ని రకాలన్నది చివర్లో తీరిగ్గా అడిగే ప్రశ్న కాదు. ఎక్కడ వెతకాలి, ఎంతకాలం వెతకాలి అన్నవి దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

అవతలి వాదమూ చెప్పాలి, లేకపోతే నేనూ ఆ క్విజ్ కాగితంలాగే అవుతాను. ఒకే రకం, నెమ్మదిగా కదిలే కృష్ణ పదార్థం అనుకుని వేసిన లెక్క చాలా బాగా పనిచేస్తుంది. తొలి విశ్వపు వెలుతురు మరకలను, గెలాక్సీలు గుంపులు కట్టిన తీరును ఆ ఒక్క ఊహ బాగా వివరిస్తుంది. తక్కువ ఊహలతో పని జరుగుతుంటే ఎక్కువ ఊహలు ఎందుకు అన్నది శాస్త్రంలో మంచి అలవాటు. రకాలు పెంచుకుంటూ పోతే ఏ కొలతనైనా ఎలాగోలా సరిపెట్టేయవచ్చు, అప్పుడు అది వివరణ కాదు, సర్దుబాటు. ఇదంతా ఒప్పుకుంటాను. ఒకటి అనుకుని లెక్క మొదలెట్టడంలో తప్పు లేదు. అనుకున్న సంగతే మరిచిపోయి, అదే జవాబని కాగితం మీద రాసి, ప్రశ్నించిన పిల్లను చూసి నవ్వడమే తప్పు. ఆ నవ్వులో నా మౌనం కూడా ఉంది.

పామేడులో తెల్లారాక, మెకానిక్ కోసం ఎదురుచూస్తూ ఆ పాపను అడిగాను, "నీ భాష ఏదమ్మా?" అని. "ఎవరితోని?" అని ఎదురు ప్రశ్న వేసింది. నా దగ్గర జవాబు లేదు. ఏడాదికోసారి తరగతి రిజిస్టరులో మీ వివరాలు నింపేది నేనే. మాతృభాష అన్న చోట ఒకే గడి. సొంత ఊరు అన్న చోట ఒకే గడి. నాన్న ఒరియా, అమ్మ తెలుగు, పుట్టింది అస్సాంలో, చదువు మొదలెట్టింది రాజస్థాన్‌లో అని చెప్పే పిల్లల దగ్గర పెన్ను పట్టుకుని ఎన్నిసార్లు ఆగిపోయానో. ఏ ఊరికి వెళ్లినా బయటివాళ్లు మీ అందరికీ పెట్టే పేరు ఒకటే, "ట్రాన్స్‌ఫర్ పిల్లలు". ఆ పేరు వెనక ఎంతమంది ఎన్ని దారుల్లో వచ్చారో మీకు తెలుసు.

అయితే విశ్వం మన రిజిస్టరు గురించి ఏమీ చెప్పదు. మన ఇళ్లలో ఎన్ని భాషలున్నా, అది కృష్ణ పదార్థంలో ఎన్ని రకాలున్నాయో రుజువు చేయదు. ఆ సంగతి గనుల్లోని పరికరాలు, దుర్భిణులు తేల్చాలి. రెండింటికీ పోలిక ఒక్క చోటే ఉంది: తెలియనిదానికి పేరు పెట్టగానే తెలిసిపోయిందని అనుకునే మన బద్ధకంలో. ఆ బద్ధకం ఎలా ఉంటుందో మీకు ఇంకొకరు నేర్పక్కర్లేదు. ప్రతి కొత్త బడిలో మొదటి రోజున మీరు దాన్ని చూస్తూనే ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న మీకు మిగతావాళ్ల కన్నా త్వరగా తడుతుందని నా నమ్మకం.

ఈసారి క్విజ్‌లో ఎవరైనా కృష్ణ పదార్థం ఏ కణంతో తయారైందని అడిగితే, "ఇంకా తెలియదు" అని చెప్పండి. వీలైతే, "ఒకటేనా?" అని తిరిగి అడగండి. మార్కు రాకపోవచ్చు. నేను ఆ హాల్లో ఉంటే మాత్రం ఈసారి ఊరుకోను.

ఆ రోజు లేచి నిలబడిన అమ్మాయి ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ కాలేజీలో ఉందో తెలియదు. మన పత్రికలు బడి నుంచి బడికి వెళ్తుంటాయి కాబట్టి ఎప్పుడైనా ఆమె కంట పడవచ్చు. అమ్మా, ఆ మార్కు నీదే. ఆలస్యంగా ఇస్తున్నాను, ఏమీ అనుకోకు.

— తెలుగు ఉపాధ్యాయిని